మూడు మిల్లీమీటర్ల పచ్చచుక్క

కేంద్ర ప్రభుత్వం 2014లో చేయించిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం, తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. ఆ సర్వేలో లెక్కకొచ్చిన రాష్ట్రాల్లో మనదే పైచేయి. ఈ లెక్కను నమ్ముకుని ఒక శనివారం మధ్యాహ్నం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నడిస్తే మాత్రం, సర్వే చేసినవాళ్లు వేరే ఊరికి వెళ్లారేమో అనిపిస్తుంది. వేంకటేశ్వరస్వామి గుడి నుంచి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లు, కర్రీ పాయింట్ల ముందు పప్పు, పులుసు, దొండకాయ వేపుడు కట్టించుకునేవాళ్లు, టిఫిన్ సెంటర్లో నిలబడి దోసె తినేవాళ్లు. చికెన్ కొట్టులో కత్తికి పెద్దగా పనుండదు. మర్నాడు ఆదివారం అదే కొట్టు ముందు కాలు పెట్టే సందుండదు. రాంనగర్ చేపల మార్కెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నిన్న పప్పు కట్టించుకున్నవాడూ ఇవాళ కొర్రమీను కోయించుకుంటున్నవాడూ చాలాసార్లు ఒక్కడే.

సర్వే చేసేవాళ్లు మనిషిని అడుగుతారు: తింటారా, తినరా? ఇక్కడి మనిషి క్యాలెండర్‌ను అడుగుతాడు: ఇవాళ ఏం వారం? సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం సాయిబాబాది, శనివారం వెంకన్నది. ఏ వారం పాటించాలన్నది ఇంటికో తీరు. ఒకే ఇంట్లో అమ్మకు సోమవారం, కొడుక్కి మంగళవారం, మామగారికి శనివారం కావడమూ మామూలే. వీటి మీద శ్రావణం, కార్తీకం, ఏకాదశి ఒక్కపొద్దులు, అయ్యప్ప మాల 41 రోజులు, హనుమాన్ దీక్షలు. అన్నీ కూడితే, ముక్క లేనిదే ముద్ద దిగదనే ఇంట్లో కూడా ఏడాదిలో సగం రోజులు నీసు లేకుండా గడిచిపోతాయి. మన దగ్గర శాకాహారం చాలామందికి పుట్టుకతో వచ్చేది కాదు, రోజును బట్టి వచ్చేది.

అలా రోజును బట్టి వచ్చే శాకాహారి ఒక బిస్కెట్ ప్యాకెట్టో, ఇన్‌స్టంట్ నూడుల్సో, కేకు ముక్కో చేతిలోకి తీసుకున్నప్పుడు కళ్లు వెతికేది ఒక చిన్న చతురస్రం, దాని మధ్యలో ఆకుపచ్చ చుక్క. చిన్న ప్యాకెట్ మీద ఆ చుక్క అడ్డకొలత కనీసం 3 మిల్లీమీటర్లుండాలని నిబంధన. లేబుల్ పెద్దదయ్యేకొద్దీ 4, 6, 8 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న గడి భుజం చుక్క అడ్డకొలతకు రెండింతలు. ఈ కొలతలన్నీ చట్టంలో రాసి ఉన్నాయి. తెలంగాణలో ఆ చట్టం అమలు చూసే ఆహార భద్రతా విభాగం కూర్చునేది చిక్కడపల్లికి కూతవేటు దూరంలోనే, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణలో. జనం నోట్లో ఐపీఎం.

ఈ చుక్క ఇప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, ఎప్పటినుంచో ఉందనిపిస్తుంది. నిజానికి దానికింకా పాతికేళ్లే. అంతకుముందు తిండి గురించి మనవాళ్లు అడిగిన ప్రశ్నే వేరు.

పాత ప్రశ్న: ఎవరు వండారు? మడి, ఎంగిలి, అంటు, ఇవన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. గిన్నెలో ఏముందన్నది తర్వాతి సంగతి. పప్పన్నమే అయినా వండిన చెయ్యి ఎవరిదో తెలియనిదే విస్తరి ముందు కూర్చోని ఇళ్లుండేవి. ప్రయాణాలు పెరిగాక ఈ ప్రశ్న వీధిలోకొచ్చింది. బ్రిటిష్ కాలపు రైల్వే స్టేషన్లలో హిందువులకో కుండ, ముస్లింలకో కుండ పెట్టి నీళ్లు పోసేవారు. భోజనశాలలూ అలాగే విడివిడిగా ఉండేవి. పట్నాల్లో పూటకూళ్ల ఇళ్ల స్థానంలో హోటళ్లు వచ్చినప్పుడు, బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట అచ్చంగా పచ్చచుక్క చేసే పనే చేసింది. లోపల నీసు లేదని చెప్పింది. దాంతోపాటు వంటవాడి కులమూ చెప్పింది. ఆ రెండో సంగతి మీదే గొడవ. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద ఆ మాట తీసేయాలని పెరియార్ ఉద్యమం నడిపారు.

అప్పటికే రాజ్యాంగం తన మాట చెప్పేసింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వది దుకాణాలు, హోటళ్లలోకి ఎవరినీ కులమతాల పేరుతో రాకుండా ఆపకూడదంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అంటే 'ఎవరు వండారు, పక్కన ఎవరు కూర్చున్నారు' అన్న ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పదు, చెప్పకూడదు. 'ఇందులో ఏం వేశారు' అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పించగలదు. పచ్చచుక్క పుట్టింది ఈ సందులోనే. మడి నుంచి మనిషిని తీసేసి, పదార్థాన్ని మాత్రం మిగిల్చిన ముద్ర అది. ఆ కోణంలో చూస్తే, చాలామంది అనుకున్నట్టు అది సంప్రదాయానికి ప్రభుత్వం వేసిన పీట కాదు. సంప్రదాయంలో సగాన్ని పక్కన పెట్టి, మిగతా సగానికే ఇచ్చిన గుర్తింపు.

పదార్థాన్ని పట్టుకోవడానికి మాత్రం ముందు కెమిస్ట్రీ కావాల్సి వచ్చింది. ఆ కథ నెయ్యితో మొదలవుతుంది.

1930ల్లో డాల్డా వచ్చింది. నూనెను గడ్డకట్టించి నెయ్యిలా చేసిన వనస్పతి. చవక, పూస కట్టినట్టు ఉంటుంది, కాచి కలిపేస్తే నెయ్యికీ దానికీ తేడా కనిపెట్టడం కంటికీ ముక్కుకూ కూడా కష్టం. నెయ్యి మామూలు వస్తువు కాదు, దీపంలో పోసేది, హోమంలో వేసేది, అన్నంలో అభిఘరించేది. దాన్ని కల్తీ చేస్తే జేబుకే కాదు, ఆచారానికీ దెబ్బే. వనస్పతికి ఏదైనా రంగు వేసి అమ్మిస్తే పోతుంది కదా, కలిపితే తెలిసిపోతుంది అని దేశంలో చాలా ఏళ్లు వాదనలు నడిచాయి. అందరికీ నచ్చే రంగు కుదరలేదు. చివరికి కుదిరిన ఉపాయం నువ్వులు.

వనస్పతిలో నూటికి కనీసం 5 పాళ్లు నువ్వుల నూనె కలిపి తీరాలన్నారు. నువ్వుల నూనెలో ఉండే ఒక పదార్థానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ అనే ద్రవం తగిలితే గులాబీ రంగు వస్తుంది. ల్యాబులో పని ఎంతో సేపు పట్టదు. కరిగించిన నెయ్యి 5 మిల్లీలీటర్లు మూతున్న పరీక్షనాళికలో పోస్తారు. అంతే కొలత ఆమ్లం, కొన్ని చుక్కల ఫర్‌ఫ్యూరాల్ వేసి రెండు నిమిషాలు గట్టిగా కుదుపుతారు. ఆపి చూస్తే కింద తేరుకున్న ఆమ్లపు పొర రంగు మారకపోతే నెయ్యి బతికింది. గులాబీకి తిరిగితే డాల్డా కలిసినట్టే. దీన్ని బౌడోయిన్ పరీక్ష అంటారు. దొంగను పట్టుకోవడానికి దొంగ జేబులోనే గంట కట్టి పంపించడం లాంటిదిది. నాకు తెలిసి తిండి చట్టాల చరిత్రలో ఇంత తెలివైన నిబంధన మరొకటి లేదు.

కాని ఆ గంట మోగేది వనస్పతి కలిపితేనే. వనస్పతిలోనే ఇంకేదైనా కలిపితే? 1983లో అదే జరిగింది. దిగుమతి చేసుకున్న గొడ్డు కొవ్వును వనస్పతిలో కలుపుతున్నారన్న వార్తతో దేశం భగ్గుమంది. సబ్బులకని తెచ్చిన కొవ్వు వంటింట్లోకి వచ్చిందని తెలిసేసరికి డాల్డా డబ్బా చూస్తే జనానికి వెగటు పుట్టింది. పార్లమెంటు దద్దరిల్లింది, ఇందిరా గాంధీ ప్రభుత్వం కొవ్వు దిగుమతిని నిషేధించింది. మిఠాయి కొట్లు 'స్వచ్ఛమైన నేతితో' అన్న మాట పెద్ద అక్షరాలతో రాయించుకోవడం వెనక ఇలాంటి భయాలే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్న ఆరోపణ వచ్చినప్పుడు నాలుగు దశాబ్దాల నాటి వెగటే మళ్లీ లేచింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి ప్రత్యేక దర్యాప్తు బృందం చేతికి చేరింది. హిమాయత్‌నగర్ టీటీడీ కేంద్రంలో లడ్డూ కొనుక్కునేవాళ్ల నోట అన్నాళ్లూ వినిపించినవి రాజకీయాలే కాదు, ల్యాబు రిపోర్టులు కూడా.

1980లు, 90ల్లో ప్యాకెట్ల తిండి ఇంటింటికీ చేరింది. ఇంట్లో వండినదాంట్లో ఏముందో అమ్మకు తెలుసు. హోటల్లో అయితే సర్వర్‌ను అడగొచ్చు. ప్యాకెట్‌ను ఎవరు అడుగుతారు? బిస్కెట్‌లో గుడ్డు ఉందా, జెల్లీలో ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉందా, చీజ్‌ను దేంతో విరిచారు? చీజ్ పాలతోనే చేస్తారు కాని, పాలను గడ్డ కట్టించే రెన్నెట్‌ను పూర్వం పాలుతాగే దూడ పొట్టలోంచి తీసేవారు. ఈ సంగతి తెలిసి పిజ్జా ముందు చెయ్యి ఆగిపోయినవాళ్లు చిక్కడపల్లిలోనూ ఉన్నారు. సూక్ష్మజీవుల నుంచి రెన్నెట్ తీయడం వచ్చాక ఆ పీడ విరగడైంది. ఇవాళ మన చీజ్ డబ్బాల మీద పచ్చచుక్క ధైర్యంగా కూర్చుందంటే అందుకే.

ప్యాకెట్ మీద ముద్ర వేయాలన్న ఆలోచన మనకన్నా ముందు యూదులకు వచ్చింది. అమెరికాలో 1923లో హైంజ్ కంపెనీ తన బీన్స్ డబ్బా మీద ఒక సున్నా, దాని లోపల 'యు' అక్షరం వేసింది. ఆర్థడాక్స్ యూనియన్ అనే యూదు సంస్థ తనిఖీ చేసి, ఇది కోషర్ అని ఒప్పుకున్నట్టు గుర్తు. కోకాకోలా కథ ఇంకా బావుంటుంది. అట్లాంటాలో టోబియాస్ గెఫెన్ అనే రబ్బీని, ఈ డ్రింకు మనవాళ్లు తాగొచ్చా అని దేశమంతటి నుంచీ అడిగేవారు. రహస్యంగా ఉంచుతామని మాటిచ్చాక కంపెనీ ఆయనకు పదార్థాల జాబితా చూపించింది. చూస్తే అందులో గొడ్డు కొవ్వు నుంచి తీసిన గ్లిజరిన్ ఉంది. ఉన్నది రవ్వంతే అయినా, తెలిసి వేసింది కనుక ఒప్పుకోనన్నాడాయన. కంపెనీ పత్తిగింజల నూనె గ్లిజరిన్‌కు మారింది. 1935లో ఆయన సరేనన్నాడు. ఒక ఊరి గురువు మాటకు ప్రపంచమంతా తాగే డ్రింకు ఫార్ములా మారిపోయింది!

కోషర్ ముద్రకూ మన చుక్కకూ పోలిక ఇంతవరకే. కోషర్ ముద్ర పదార్థంతో ఆగదు. ఏ గిన్నెలో వండారు, మాంసం గిన్నె పాల గిన్నెతో కలిసిందా, పర్యవేక్షించింది ఎవరు, ఇదంతా దాని లెక్కలోకి వస్తుంది. హలాల్ ముద్ర కూడా జంతువు ఏది అన్నదాంతోపాటు ఎలా కోశారన్నది చెబుతుంది. ఆ రెండూ మత సంస్థలు ఇచ్చే ముద్రలు. మనది ప్రభుత్వం వేయించే ముద్ర. అది ప్రక్రియ జోలికి పోదు. అందుకే ముషీరాబాద్ వైపు నుంచి వచ్చే ముస్లిం కొనుగోలుదారుకు, మాంసాహారం మీద వేసే గోధుమరంగు ముద్ర చెప్పేది శూన్యం. చుక్క పచ్చదైతే ఆయనా హాయిగా కొనుక్కుంటాడు, జెలటిన్ బెడద లేదు కదా. పచ్చచుక్క ఎవరికోసం పుట్టిందో వాళ్లతోపాటు ఆయనకూ పనికొచ్చింది. దీన్ని రూపొందించినవాళ్ల ఊహలో ఈ సంగతి ఉందో లేదో మరి.

2001లో ముద్ర వచ్చింది. జంతు ప్రేమికులు, శాకాహార సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నదే. మేనకా గాంధీ దానికి గట్టిగా గొంతు కలిపారు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద ఉన్న నిబంధనలను సవరించారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముందు వచ్చింది పచ్చచుక్క కాదు, గోధుమరంగు చుక్క. మాంసాహారానికే ముద్ర, శాకాహారానికి ఏమీ అక్కర్లేదన్నారు. ఎందుకంటే హెచ్చరిక అవసరమైనది దానికే కదా. వినడానికి తర్కం బాగానే ఉంది. కాని కొట్లో నిలబడ్డవాడికి అది చాలదు. చుక్క లేని ప్యాకెట్ అంటే శాకాహారమా, ముద్ర వేయడం ఎగ్గొట్టిన మాంసాహారమా? ఏమీ లేకపోవడాన్ని చూసి నమ్మడం ఎవరికైనా కష్టమే. ఆ ఏడాది చివరికి మరో నోటిఫికేషన్ వచ్చింది, 2002 నుంచి పచ్చచుక్క కూడా తప్పనిసరైంది.

అదే 2001లో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ మీద సియాటిల్‌లో కేసు పడింది. పూర్తిగా వెజిటబుల్ ఆయిల్‌కు మారామని 1990లో ప్రకటించిన కంపెనీ, ఆలుగడ్డ వేపుళ్లకు రుచి కోసం గొడ్డుమాంసపు సారం వాడుతోందని బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లి, అక్కడ తినడానికి వేరే ఏదీ తోచక పదేళ్లుగా ఆ వేపుళ్లనే నమ్ముకున్న మనవాళ్లకు అది మామూలు దెబ్బ కాదు. కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇచ్చి 2002లో రాజీపడింది. ఇండియాలో చుక్క, అమెరికాలో కేసు. ఒకే రోగానికి రెండు దేశాల మందులు.

గుడ్డు దగ్గర మాత్రం చుక్క తడబడింది. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టిన బి.వి.రావు, 1982లో రైతులను కూడగట్టి నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ నిలబెట్టారు. ఈ రైతుల కోళ్లఫారాల్లో గుడ్లు పెట్టే పెట్టల దగ్గర పుంజే ఉండదు. ఆ గుడ్డు పొదిగినా పిల్ల కాదు. మరి అది మాంసమెలా అవుతుంది? గాంధీజీ కూడా ఆరోగ్యం మీద 1942లో జైల్లో రాసిన పుస్తకంలో, పాలు తాగేవాడికి పిల్ల కాని గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండక్కర్లేదన్నారు. చట్టం ఒప్పుకోలేదు. గుడ్డు వేస్తే గోధుమరంగు ముద్రే. కాకపోతే ఒక సందు ఇచ్చింది. వేసింది గుడ్డొక్కటే అయితే, ఆ మాట ముద్రతోపాటు రాసుకోవచ్చు. పాలు, తేనె, లక్క మాత్రం జంతువుల నుంచే వచ్చినా పచ్చ వైపే. ఇది శాస్త్రం గీసిన గీత కాదు, మన వంటింటి గీత. చట్టం దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంది. పాలు కూడా ముట్టనివాళ్ల కోసం 2021లో 'వీ' అక్షరం మీద మొలకతో ఇంకో ముద్ర తయారైంది.

గుడ్డు విషయంలో వీధి, చట్టం కన్నా ముందుంది. అశోక్‌నగర్ హాస్టళ్ల సంగతే తీసుకోండి. గ్రూప్-1, గ్రూప్-2కు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గదుల్లో ఉంటారు. హాస్టల్ మెనూలో గుడ్డుకు మాంసంతో కలపని ప్రత్యేక హోదా. ఆదివారం చికెన్, వారం మధ్యలో గుడ్డు. చికెన్ తినని పిల్లాడికి పన్నీర్ వేస్తారు, గుడ్డు మాత్రం తింటాడా అని విడిగా అడుగుతారు. మాల వేసుకున్న స్వామి ఒకడుంటే ఆ 41 రోజులూ వాడి కంచం వేరు, ఒక్కోసారి ఉల్లి, వెల్లుల్లి కూడా లేని కూర వేరు. కాపురానికి ఇద్దరున్న ఇంట్లో కూడా జరగనంత పంచాయితీ ఆ వంటవాడికి రోజూ జరుగుతుంది.

బేకరీలవాళ్లు ఇంకో దారి వెతికారు. కండెన్స్‌డ్ మిల్క్ పోసి గుడ్డు లేకుండా కేకు చేయడం. ఎగ్‌లెస్ కేకు రుచిలో గుడ్డు కేకుకు సాటి రాదని నా అభిప్రాయం. కాని పుట్టినరోజు శనివారం పడ్డ పిల్లాడి ఇంట్లో ఆ అభిప్రాయానికి విలువ లేదు.

రోజును బట్టి మారే ఆచారానికి చుక్క బాగానే సరిపోయింది. కాని 'ఎవరు వండారు, ఎలా వండారు' అన్న పాత ప్రశ్న పోయిందనుకుంటే పొరపాటు. కర్రీ పాయింట్ దగ్గర చూడండి. కొన్ని చోట్ల వెజ్ మాత్రమే. కొన్నిచోట్ల అదే కౌంటర్‌లో ఒక పక్క గుత్తివంకాయ, సాంబారు, బెండకాయ వేపుడు, ఇంకో పక్క చికెన్ కూర, చేపల పులుసు. తెలివైన యజమాని ఆ రెంటి మధ్య జానెడు ఖాళీ వదులుతాడు. గరిటెలు వేరు, కొందరి దగ్గర కూర కట్టే కుర్రాళ్లూ వేరు. పొద్దున్నే పొయ్యి మీద ముందు వెజ్ దింపాకే నాన్‌వెజ్ ఎక్కిస్తారు. అయినా మాల వేసుకున్నవాడు వస్తే 'ఆ గరిటెతో వెయ్యకన్నా' అని ఒక మాట అననిదే కవర్ అందుకోడు. ప్లాస్టిక్ కవర్‌లో ముడివేసిన పప్పు మీద ఏ ముద్రా ఉండదు. ఉన్నది ఆ మాట మీద నమ్మకమే. తాజ్‌మహల్ హోటల్‌లాంటి శాకాహార హోటళ్లకు నారాయణగూడలో గిరాకీ తగ్గకపోవడానికి రుచితోపాటు ఇదీ కారణమే. అక్కడ గరిటె గురించి అడగనక్కర్లేదు. మరి, పది అడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, అక్కడ బావర్చీ బిర్యానీ. రెండిట్లో కూర్చునే మొహాలు చాలావరకు ఒకటే, రోజులే వేరు.

చుక్కకు అందనివి ఇంకా ఉన్నాయి. జైనులకు దుంపలు పనికిరావు. చాతుర్మాస్యం పట్టే మధ్వుల ఇళ్లలో మొదటి నెల కూరగాయలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుధాన్యాలు మానేస్తారు. ఆ నాలుగు నెలలూ ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉన్నా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. గోధుమరంగుకూ అంతే గుడ్డితనం. కోడి, మేక, గొడ్డు దానికి ఒకటే. వీధిలో మాత్రం అవి ఒకటి కావు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేస్తే కొట్లాటలు జరిగాయి. ఆ రోజు గొడవ పళ్లెంలో ఏముందని కాదు, తినే హక్కు ఎవరిదని. అద్దె ఇళ్ల గేట్లకు వేలాడే 'ఓన్లీ వెజిటేరియన్స్' బోర్డు కూడా ఆ కోవలోదే. పప్పు గురించి చెబుతున్నట్టుంటుంది కాని, అది జల్లెడ పట్టేది మనుషుల్ని. ప్యాకెట్ మీద చుక్కకు నా ఓటు ఉంది, గేటు మీద బోర్డుకు లేదు.

మందుల దగ్గర చుక్క అసలు ఆగిపోయింది. క్యాప్సూల్ గుల్ల ఎక్కువగా జెలటిన్‌తోనే చేస్తారు. మందులకూ సౌందర్య సాధనాలకూ ముద్ర కావాలని ఒజైర్ హుసేన్ అనే ఆయన వేసిన పిటిషన్ మీద 2002లో ఢిల్లీ హైకోర్టు, తాను వాడేదేమిటో తెలుసుకోవడం వినియోగదారుడి ప్రాథమిక హక్కని చెప్పింది. ప్రాణం నిలిపే మందులను మాత్రం పక్కన పెట్టింది. 2013లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను కొట్టేసింది. మందుల విషయంలో మన జనం పట్టింపు ఎప్పుడూ కొంచెం సడలే ఉండేది. పాతవాళ్లకు నారాయణగూడ ఐపీఎం అంటే కుక్క కరిస్తే పరుగెత్తే చోటు. 2004 దాకా మన దేశంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో బొడ్డు చుట్టూ పొడిచిన ఆ సూదిమందు గొర్రె మెదడు నుంచి తీసింది. ఇందులో ఏముందని అడిగిన శాకాహారి కథ నేనైతే వినలేదు. మృగశిర కార్తె నాడు బత్తిని సోదరులు ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదంలో మాత్రం దారి ముందే ఉంది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. చేప ముట్టనివాళ్లకు అదే మందు బెల్లంలో.

ముద్ర ఆకారం కూడా స్థిరపడటానికి 20 ఏళ్లు పట్టింది. పచ్చ, గోధుమ. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్ల కంటికి ఈ రెండు చుక్కలూ ఒకటే. ఎరుపు, పచ్చ తేడా తెలియని ఆ లోపం మగవాళ్లలోనే ఎక్కువ. ప్యాకెట్ తిప్పి చూసేవాళ్లలో ఎందరికి ఇది గుడ్డి ముద్రగా ఉండిపోయిందో! 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం చుక్కను త్రికోణంగా మార్చారు. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. ఇంకో చిల్లును 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు పూడ్చమంది. చిప్స్, నూడుల్స్ మసాలాల్లో 'ఇ631' అని కోడ్ ఉంటుంది, రుచి పెంచే పదార్థం. అది మొక్క నుంచీ తీయొచ్చు, చేప నుంచో మాంసం నుంచో కూడా తీయొచ్చు. కోడ్ రాస్తే చాలదు, మూలం మొక్కా, జంతువా కూడా రాయాలని కోర్టు ఆదేశించింది. ఎంత కొంచెం వేసినా సరే అంది. 1935లో అట్లాంటా రబ్బీ అన్న మాటే.

ఇక చివరి ప్రయోగం ఫోన్‌లోది. 2024 మార్చిలో జొమాటో, శాకాహారులకు వేరే డెలివరీ దళం పెడతామంటూ ప్రకటించింది. ఆకుపచ్చ యూనిఫాం, ఆకుపచ్చ డబ్బా. శాకాహార హోటళ్ల ఆర్డర్లే అందులో పెడతారు. ప్రకటన వెలువడగానే గోల లేచింది. మామూలు ఆర్డర్లు తెచ్చే ఎర్ర చొక్కా వాణ్ని ఇక గేటు లోపలికి రానివ్వరని, అద్దె ఇళ్ల బోర్డు ఇప్పుడు కుర్రాళ్ల వీపు మీదికెక్కుతుందని. 'ఎవరు తెచ్చారు' అన్న ప్రశ్న 'ఎవరు వండారు'కు స్వయానా తమ్ముడు. ఒక్కరోజు తిరగకుండానే కంపెనీ పచ్చ చొక్కా వెనక్కి తీసుకుంది. అందరికీ ఎరుపే అంది.

కాని అదే ప్రకటనతో వచ్చిన ఇంకో చిన్న ఏర్పాటు నిలిచింది. యాప్‌లో ఒక మీట నొక్కితే నాన్‌వెజ్ అమ్మే హోటళ్లు కనిపించడం మానేస్తాయి. మళ్లీ నొక్కితే తిరిగొస్తాయి. పుట్టు శాకాహారి దాన్ని ఒకసారి నొక్కి మర్చిపోతాడు. అశోక్‌నగర్ గదిలో చదువుకునే కుర్రాడు శుక్రవారం రాత్రి పన్నెండయ్యాక నొక్కుతాడు, శనివారం రాత్రి పన్నెండు దాటేదాకా ఆగి మళ్లీ నొక్కుతాడు. అప్పటికింకా తెరిచి ఉన్న బిర్యానీ హోటళ్లు క్రాస్ రోడ్స్‌లో ఉంటాయని వాడికి తెలుసు.